పన్నెండు అడుగుల నూలు పగ్గం, చిత్తూరు తాళ్ళ కొట్టు

చిత్తూరు బజారులో ఎద్దుల పగ్గాలు, మూతి బుట్టలు, మెడ గంటలు అమ్మే పాత కొట్టు ఒకటి ఉంది. బోర్డు మీద పేరు ఎండకు వెలిసిపోయింది. ఇచ్చిన చీటీ మీద లెక్క తప్ప ఇంకేమీ రాయలేదు. కాబట్టి పేరు అడగకండి, నాకూ తెలియదు. అక్కడ చేయించుకున్న నూలు పగ్గానికి అయిదుకు నాలుగున్నర మార్కులు వేస్తాను. దానితోపాటు కొన్న హాల్టర్‌కు, అంటే గుర్రం తలకు తొడిగే పట్టీల అల్లికకు, మూడు. కొక్కేనికి ఒకటి, అది కూడా ఇత్తడి మెరుపు చూసి.

ఒక గుర్రం ఎక్కి రెండోదాన్ని పక్కన నడిపించే పని ఉన్నవాళ్ళకే ఈ అభిప్రాయం ఉపయోగపడుతుంది. అలాంటివాళ్ళు మన వైపు ఎందరున్నారని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు బాడుగకు ఇచ్చే ప్రతి ఇంట్లోనూ ఇదే గొడవ. మాది చంద్రగిరి దగ్గర పల్లె. తాత జట్కా తోలేవాడు, నాన్న గుర్రబ్బండి తోలాడు, నా వంతు వచ్చేసరికి బండి పోయి పెళ్ళికొడుకులు మిగిలారు. మాఘంలో, శ్రావణంలో గుర్రాలకు నిద్ర ఉండదు. ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలు లేవు, పని లేదు, మేత మాత్రం మామూలే. కట్టుకొయ్య దగ్గర నిలబడి తినే గుర్రం ఎంత త్వరగా పాడవుతుందో పెంచినవాళ్ళకే తెలుస్తుంది.

మా రెండు గుర్రాలకూ ఎక్కడా పొత్తు కుదరదు. ముత్యం తెల్ల ఆడగుర్రం, మార్వాడీ అనే రాజస్థాన్ జాతి సంకరం, చెవుల కొసలు లోపలికి తిరిగి ఉంటాయి. మూపు దగ్గర కొలిస్తే 56 అంగుళాలు. బుడంకాయ నాటు తట్టు, అంటే పొట్టి గుర్రం, పిల్లల పుట్టినరోజులకు, గుడి ఉత్సవాలకు పనికివస్తాడు, 46 అంగుళాలు. 58 అంగుళాల లోపు ఉన్న గుర్రాలన్నిటినీ ఇంగ్లీషులో ‘పోనీ’ అనే అంటారు కనుక పుస్తకం లెక్కలో ఇద్దరూ ఒకే జాతి. నడక చూస్తే మాత్రం ఒకే లోకం కూడా అనిపించదు. ఆమె కాలు సాచి తీరుబడిగా నడుస్తుంది. ఆమె రెండు అడుగులు వేసేలోగా వాడు మూడు వేయాలి. ఆమెకు పక్కటెముకలు లెక్కపెట్టేంత పలుచన. వాడికి మెడ మీద కొవ్వు గట్టిపడి పక్కకు ఒరిగింది.

ఆ మెడ చూసి తిరుపతి పశువైద్య కళాశాలలో డాక్టరు గారు ముందుగా వాడి గిట్టల మీద చెయ్యి పెట్టి వేడి చూశారు. లావెక్కిన పొట్టి గుర్రాలకు లామినైటిస్ తొందరగా వస్తుంది. గిట్ట లోపలి మెత్తటి పొరలు వాచి, ముదిరితే లోపలి ఎముకే జారిపోతుంది. ఇక ఆ గుర్రం నిలబడటమే కష్టం. ఇంకా అంతవరకు రాలేదని చెప్పి, ఉలవలు తగ్గించి, పచ్చిగడ్డి కొలిచి వేసి, రోజూ నడిపించమన్నారు. వాపు వచ్చిన తర్వాత నడిపించకూడదట. అందుకే రాకముందే నడిపించాలి.

నడిపించడానికి ఉన్నది నేనొక్కడినే. మేనల్లుడు బెంగళూరు వెళ్ళిపోయాడు. మన ఎండలకు తెల్లవారుజాము తప్ప వేరే వేళ పనికిరాదు. ఒకదాన్ని తిప్పి తెచ్చి రెండోదాన్ని బయలుదేరదీసేసరికి రోడ్డు పొగలు కక్కుతుంది. రెండూ ఒకేసారి వెళ్ళాల్సిందే. ఎక్కేది ఎవరినన్న ప్రశ్నే లేదు. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని ఒక లెక్క ఉంది. బుడంకాయ రెండు వందల కిలోలు ఉంటాడేమో, అంటే వాడి మీద నలభై కిలోల లోపు. నా ఒళ్ళు దానికి చాలా దూరంలో ఉంది. కాబట్టి నేను ముత్యం మీద, వాడు నా ఎడమ మోకాలి పక్కన. మార్చి మార్చి ఎక్కే వెసులుబాటు మాకు లేదు.

మొదట ఆన్‌లైన్‌లో నైలాన్ పగ్గం, హాల్టర్ కలిపిన సెట్టు తెప్పించాను. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ ఎందుకులే. ఫొటోలో ఎర్రగా, అందంగా ఉంది. వచ్చింది ఆరడుగుల తాడు, చిటికెన వేలంత లావు. ఒక కుక్క అడ్డం వచ్చి బుడంకాయ వెనక్కి గుంజగానే ఆ నైలాన్ నా అరచేతిలో నుంచి సర్రున జారి చర్మం ఒలిచింది. నైలాన్‌తో ఇదే చిక్కు. రాపిడికి వేడెక్కుతుంది, చేతి చెమట పీల్చదు. పైగా తేలిక కావడం వల్ల గాలికి ఊగుతూ ఉంటుంది, నా చెయ్యి ఏమి చెబుతోందో గుర్రం దవడ దాకా చేరదు. తిరిగి పంపుతానంటే వాడిన వస్తువు వెనక్కి తీసుకోము అన్నారు. వాడకుండా పగ్గం ఎలా ఉందో ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు.

ఒక పెళ్ళికి గుర్రాన్ని తీసుకుని పూతలపట్టు మీదుగా చిత్తూరు వెళ్ళినప్పుడు ఈ కొట్టు కంటబడింది. బెల్లం బండ్లకు, ఎద్దులకు తాళ్ళు పేనిన చేతులు ఆ పెద్దాయనవి. ఎంత పొడవు కావాలని అడిగారు.

“పన్నెండు అడుగులు” అన్నాను.

“ఎద్దుకు పన్నెండు అడుగులు దేనికి నాయనా?”

“ఎద్దుకు కాదు పెద్దాయనా, గుర్రానికి. ఒకదాని మీద నేను కూర్చుంటాను, ఇంకోదాన్ని పక్కన నడిపిస్తాను.”

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను పైనుంచి కిందికి చూశారు. “అయితే చివర ఉచ్చు వేసి ఇస్తాను. మణికట్టుకు తగిలించుకుంటే జారిపోదు.”

“ఉచ్చు వద్దు. జారిపోవాలి.”

“జారిపోయే తాడు కావాలని నా కొట్టుకు వచ్చినవాడివి నువ్వొక్కడివే.”

ఆయనకు వివరించడానికి కొంతసేపు పట్టింది. ఎద్దు మొండికేస్తే నిలబడుతుంది, లేదా ఈడుస్తుంది. నేల మీద ఉన్న మనిషి కాళ్ళు తన్నిపెట్టి ఆపవచ్చు. గుర్రం బెదిరితే ఒక్క ఊపున పోతుంది. నేను ఉన్నది నేల మీద కాదు, ఇంకో గుర్రం మీద. తాడు చేతికి చుట్టుకుని ఉంటే జీను మీద నుంచి నన్ను ఊడబెరికి ఈడ్చుకుపోతుంది. జీను కొమ్ముకు కట్టేస్తే అంతకన్నా ఘోరం, రెండు గుర్రాలూ నేనూ ఒకే కుప్పగా పడతాం. ఈ పనికి మంచి పగ్గమంటే పట్టు కుదరాలి, వదలాలనుకున్న క్షణంలో వదిలిపోవాలి. పెద్దాయన తల ఊపారు గానీ ఒప్పుకున్నట్టు నాకు అనిపించలేదు. అయినా నేను చెప్పినట్టే చేశారు, అదే గొప్ప.

మూడు పేటల నూలు తాడు, ముప్పావు అంగుళం లావు. పిడికిలి మూస్తే నిండుగా ఉంటుంది, అరచేతిని కొయ్యదు. కొక్కెం వైపు ముడి వేయకుండా పేటలు విప్పి మళ్ళీ తాడులోకే దోపి, పైన సన్నదారం చుట్టారు. గుంజినప్పుడు బిగుసుకునే ముడి లేకపోవడం వల్ల గుర్రం గడ్డం కింద ఏమీ గుచ్చుకోదు. రెండో చివర కూడా అలాగే దోపి సన్నగా ముగించారు, చేతిలో నుంచి పోయేటప్పుడు ఎక్కడా తట్టుకోదు. నూలుకు బరువుంది. అది మంచిదే. నా వేళ్ళు కొంచెం పైకి లేపితే చాలు, దవడ కింద కొక్కెం కదులుతుంది, గుంజక ముందే బుడంకాయకు సంగతి తెలిసిపోతుంది. నైలాన్‌తో వాడిని ప్రతిసారీ ఈడ్చాల్సి వచ్చేది.

పన్నెండు అడుగులు ఎక్కువ కాదా అని అడుగుతారు. ఎత్తులు సమానంగా ఉన్న రెండు గుర్రాలకు పదడుగులు సరిపోతుందేమో. ముత్యం మీద కూర్చున్న నా చెయ్యి ఎక్కడో పైన ఉంటుంది, బుడంకాయ మూతి నేను కాలు పెట్టే రికాబుకు దగ్గరగా ఉంటుంది. తాడు ఏటవాలుగా దిగుతుంది, అక్కడే కొంత పొడవు ఖర్చవుతుంది. వాడు ఎప్పుడైనా గిర్రున తిరిగి ముత్యం వెనక్కి వెళ్ళాడంటే, వదిలిపెట్టకుండా తాడు ఇస్తూ పోవడానికి మిగులు కావాలి. ఆరడుగుల తాడుతో ఆ పని కాదు, వెంటనే వదిలేయాల్సిందే, ఆపైన చంద్రగిరి వీధుల్లో వాడి వెనక పరుగు. మిగిలిన తాడును చుట్టలు చుట్టుకోకుండా ముందుకీ వెనక్కీ మడతలు వేసి ఆ మడతలను మధ్యలో పట్టుకోవాలి. చుట్టలోకి వేళ్ళు దూరితే అది బిగుసుకుంటుంది, మడత అయితే ఒక్కొక్కటిగా విడిపోతుంది. ఈ తాడు మడతలకు బాగా ఒదుగుతుంది. కొత్తలో కొంచెం బిరుసుగా ఉంది, ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టాక దారికి వచ్చింది.

ఇక రోడ్డు మీద. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన పోతాయి కాబట్టి నడిపించే గుర్రం నాకు ఎడమ వైపు, కాలువ గట్టు పక్కన ఉండాలి. ముత్యం వాడికీ లారీలకూ నడుమ గోడ. కుడి చేత్తో ముత్యం కళ్ళెం, ఎడమ చేత్తో పగ్గం. వాడి తల నా మోకాలి దగ్గరే ఉండాలి. ముందుకు పోతే వాడే ముత్యాన్ని లాగుతాడు. వెనకబడితే ఆమె వెనక కాళ్ళకు అందుతాడు, ఆమెకు చిరాకు వేస్తే ఒక తన్ను ఖాయం. అన్నిటికన్నా ప్రమాదం తాడు ముత్యం తోక కిందికి పోవడం. ఏ గుర్రమైనా తోక కింద తాడు తగిలితే తోక బిగించి తాడును పట్టేస్తుంది, ఆపైన ఎగరడం మొదలుపెడుతుంది. కుడివైపు మలుపుల్లో ఇది జరగడానికి వీలు ఎక్కువ. వాడు బయటి పక్కన ఎక్కువ దూరం తిరగాలి, కురచ కాళ్ళకు అది కుదరదు, వెనకబడతాడు, తాడు ఆమె పిరుదుల మీదుగా సాగుతుంది. కుడి మలుపు వచ్చిందంటే ముత్యాన్ని దాదాపు నిలబెట్టేసి వాడిని ముందు రానిస్తాను. ఎడమ మలుపు సులువు, ఆమె భుజమే వాడిని తోసుకుపోతుంది.

నడకల తేడాకు పగ్గం ఒక్కటే మందు కాదు, అయినా ఈ బరువైన తాడు వచ్చాక ఆ పొత్తు కొంత కుదిరింది. ముత్యాన్ని మెల్లగా నడిపిస్తే బుడంకాయ చురుగ్గా నడుస్తాడు. ఆమె చిన్నగా దుల్కీ (నడకకూ దౌడుకూ మధ్య పరుగు) పోతే వాడు పెద్దగా దుల్కీ పోతాడు. ఆమె వేగం కొంచెం పెరిగిందంటే వాడు దౌడు అందుకుంటాడు, అప్పుడు తాడు మీద బరువు మారడం చేతికి ముందే తెలుస్తుంది, ఆమెను తగ్గిస్తాను. ఈ ఎగుడుదిగుడు జోడీలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అదే దూరానికి లావుపాటివాడు ఎక్కువ అడుగులు వేస్తాడు, పలుచటిది తక్కువ వేస్తుంది. ఎవరికి ఎంత కావాలో అంతే అందుతోంది. సమానమైన జోడీ ఉన్నవాళ్ళకు ఈ సుఖం లేదు.

తెల్లవారుజామున శ్రీవారి మెట్టుకు భక్తులను తీసుకుపోయే ఆటోలు శ్రీనివాస మంగాపురం దారిలో వరుస కడతాయి. గుర్రాలు కనబడగానే వేగం తగ్గించి ఫోన్లు బయటికి చాపుతారు, కొందరు హారన్ కొట్టి మరీ గుర్రాన్ని ఇటు చూడమంటారు. గోవిందనామం పలకాల్సిన నోళ్ళతో గుర్రాన్ని కేకలు వేయడం ఎందుకో నాకు అర్థం కాదు. ఆ దారి మానేసి చెరువు గట్టు పట్టాను. గట్టు మీద నడక, మట్టి దారిలో దుల్కీ. తారు రోడ్డు మీద దుల్కీ పోనివ్వను, ప్రతి అడుగు దెబ్బా గిట్టకూ కీలుకూ తగులుతుంది. స్వర్ణముఖి ఇసుక చూసి చాలామంది మెత్తగా ఉందని ఆశపడతారు. లోతైన పొడి ఇసుకలో కాలు దిగబడి, కాలి వెనక స్నాయువులు సాగి గుర్రాలు కుంటివి అవుతాయి. తడి ఇసుక గట్టిపడిన అంచు ఉంటే అక్కడ మాత్రమే. ఇంటికి వచ్చాక దవడ ఎముక కింద వేళ్ళు పెట్టి నాడి చూస్తాను. తీరుబడిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకుంటుంది. బుడంకాయకు మొదట్లో అది దిగిరావడానికి ముత్యం కన్నా చాలా ఎక్కువ సేపు పట్టేది, ఇప్పుడు తేడా తగ్గింది.

కొక్కెం సంగతి. ఇత్తడిది, వేలితో మీట వెనక్కి లాగితే నోరు తెరుచుకునే రకం. కింద తిరుగుడు ఉంది, తాడు పురి తిరగదు, అంతవరకు సరే. బుడంకాయ వెనక్కి గుంజుతున్నప్పుడు మాత్రం ఆ మీట కదలనే కదలదు. అత్యవసరంలో విప్పడానికే కదా కొక్కెం? ఇసుక పడితే లోపలి స్ప్రింగు మొరాయిస్తుంది. అన్నిటికీ మించి ఆ నోరు పెద్దది. ఒకరోజు ఇద్దరూ మూతులు రాసుకుంటుంటే అది ముత్యం కళ్ళెం ఉంగరానికి తనంతట తాను తగులుకుంది. రెండు తలలు ఒకే కొక్కేనికి! ఇద్దరూ శాంతంగా ఉన్నారు కాబట్టి దిగి విప్పాను. ఆ రోజే దాన్ని తీసేసి, పై గొట్టం జరిపితే ఎంత బిగువులోనైనా విడిపోయే రకం కొక్కెం వేరే చోట కొని దోపించుకున్నాను. పెద్దాయనకు చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, “బాగుంది గానీ ఎద్దులవాళ్ళు ఇంత డబ్బు పెట్టరు” అన్నారు. ఆ మాట కూడా నిజమే.

హాల్టర్ అసలు దూడలకు చేసినది, నవారు పట్టీతో. బుడంకాయ దవడలు లావు, మూతి కురచ. ముక్కు పట్టీ చెంప ఎముకకు రెండు వేళ్ళ కింద నిలవాలి. మొదటి కొలతకు అది ముక్కు మెత్తటి భాగం మీదికి జారింది, అక్కడ బిగిస్తే ఊపిరి ఆడదు. పెద్దాయన విసుక్కోకుండా చెంప పట్టీలు కోసి కుట్టి, ఇంకో రెండు రంధ్రాలు వేశారు. ఇప్పుడు సరిపోయింది. నవారు చచ్చినా తెగకపోవడం నాకు కొంచెం భయం. తోలు పట్టీ అయితే ఎక్కడైనా చిక్కుకున్నప్పుడు తెగి గుర్రం బతుకుతుంది. అందుకే కొయ్యకు కట్టేటప్పుడు నేరుగా కట్టను, మధ్యలో పురికొస ముక్క పెడతాను, గట్టిగా గుంజితే అదే తెగుతుంది. హాల్టర్ ఎందుకు, కళ్ళేనికే తాడు కట్టరాదా అని మా పక్కింటి బావ అడుగుతుంటాడు. ఒక పక్క ఉంగరానికి తాడు కట్టి గుంజితే ఇనుప కడ్డీ నోట్లో నుంచి పక్కకు జరిగి పెదవి చీలుతుంది బావా, ఎన్నిసార్లు చెప్పాలి.

పగ్గానికి అర మార్కు తగ్గించింది వానాకాలం వల్ల. నూలు నీళ్ళు తాగి రెట్టింపు బరువవుతుంది, తడిగా చుట్టి మూలన పడేస్తే బూజు పట్టి లోపలి పేటలు పుచ్చిపోతాయి. వచ్చిన వెంటనే విప్పి దండెం మీద వేయాలి. ఇంత శ్రద్ధ చేయలేనివాళ్ళు నైలానే కొనుక్కుని చేతికి తొడుగులు వేసుకోండి. ముందుకు ఉరికే దుడుకు గుర్రాన్ని నడిపించేవాళ్ళకు కూడా ఈ దూడ హాల్టర్ చాలదు. బుడంకాయ సోమరి కాబట్టి సరిపోయింది.

పగ్గానికి 480 రూపాయలు, హాల్టర్‌కు 350 తీసుకున్నారు. ఉదయం ఇస్తే సాయంత్రానికి దోపి పెడతారు. గుర్రం తల కొలతలు దారంతో తీసుకుని వెళ్ళండి, ఆయనకు అంగుళాల కన్నా దారమే నమ్మకం. నూలు తడిసి ఎండాక కొంత కుంచించుకుంటుంది, కావలసిన దానికన్నా ఒక అడుగు ఎక్కువే చెప్పండి. కొక్కెం వద్దంటే ధర తగ్గిస్తారు. ఉచ్చు వద్దని మాత్రం రెండుసార్లు చెప్పాలి.